కుర్చీల కూసొని ట్రాంబోన్ వాయించేటోళ్లు

అన్నా,

నువ్వు పోయి మొన్నటికి ఏడాదైంది. గా దినమే నీ బిడ్డ స్వరూప నన్ను చంద్రపూర్ నుంచి నాగపూర్ తీస్కపోయింది. "కాకా, బయటి దేశపోళ్ల ఆర్కెస్ట్రా అట. నాయిన వాయించే ట్రాంబోన్ గూడ ఉంటదట" అన్నది. కాళ్లల్ల సత్తువ లేదు గని నీకోసం పోయిన.

స్టేజీ మీద ముగ్గురు ట్రాంబోనోళ్లు కుర్చీలల్ల కూసున్నరు. శానసేపు వాళ్లకు పనే లేదు. గా పొడుగు బాకాలను ఒళ్లె పెట్టుకొని వింటున్నరు. "ఊదురా, ఆపినవేంది" అని ఎవ్వలు ఒర్రలే. మనమేమో దుర్గాపూర్, విసాపూర్ పెండ్లి బరాత్‌లల్ల నడుసుకుంటనే ఊదితిమి. ఇంటికొచ్చినంక నువ్వు ఉబ్బిన కాళ్లను వేన్నీళ్లల్ల పెట్టుకొని అట్లనే నిద్రపోదువు.

ఆఖర్ల ముగ్గురు ఒక్కసారే ఎత్తి మెల్లగ వాయించిన్రు. పెండ్లిపిల్లను సాగదోలేటప్పుడు నువ్వు గట్లనే ఊదేటోనివి. స్వరూప నా చెయ్యి పట్టుకున్నది.

అయిపోయినంక వాళ్లల్ల ముసలాయన దగ్గరికి పోయి, "మా నాయిన గూడ ఇదే వాయించేటోడు" అని ఇంగ్లీషుల చెప్పింది. ఏ హాల్ల వాయించేటోడని ఆయన అడిగిండట.

"రోడ్ల మీద అని చెప్పు బిడ్డా" అన్న.

ఆయన నవ్వలే. మీ నాయిన పేరేందని స్వరూపను అడిగిండు. ఇన్నేండ్లల్ల పెండ్లోళ్లు మనల్ని "ఓ బ్యాండోడా" అనుడే గని పేరు అడిగినోడు లేడు.

"పోశెట్టి" అన్న.

ఆయనకు నోరు తిరగలే. సరిగ్గ వచ్చేదాంక నీ పేరు అనుకుంటనే నిలబడ్డడు.

నీ తమ్ముడు