నల్లపొట్ట పిట్టలు ముందే వచ్చాయి

నాయనకు మోహన చేతులెత్తి మొక్కి రాసేది. తిరుపతిలో మేమంతా క్షేమం. అక్కడ మీరందరూ చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. నీ మనవరాలు పవిత్రకు జ్వరం తగ్గిందా అని అడిగావు. తగ్గింది, బడికి పోతోంది. శివరాత్రి ఇంకా రాలేదు, అప్పుడే పొద్దున తొమ్మిదికల్లా ఫ్యాను లేనిదే కూర్చోలేకపోతున్నాం. ఈ ఎండ చూస్తే నాకు భయంగా ఉంది.

"నేను జూసింది అబద్ధమని ఎట్లంటివమ్మా?" అని రాశావు. మా పక్షుల సంఘానికి వచ్చే కబుర్లలో ఏది నమ్మాలో తేల్చేది నేనే. చైత్రంలో రావాల్సిన నల్లపొట్ట రేవుపిట్టలు మాఘంలోనే పులికాట్‌కు వచ్చాయని నువ్వు చెప్పావు. ఎండకు ఎదురుగా ఎగిరే పిట్ట ఏదైనా నల్లగానే కనబడుతుంది, నాయనకు చూపు తగ్గింది అని కొట్టేశాను. ఆ మాట పట్టుకునే తమ్ముడు మురుగేష్ నీ చేతిలోని పడవ గడ లాక్కుని తనే నడుపుతున్నాడు.

ఇక దాచను నాయనా. నీ మాట కొట్టేసిన మర్నాడే, మీ పక్క ఊళ్లో టీచరుగా చేసే రెబెకా అవే పిట్టలను ఫోటో తీసి పంపింది. పొట్టలు కాటుక పూసినట్టున్నాయి. నువ్వు చూసింది నిజమని పన్నెండు రోజులుగా నాకు తెలుసు. పోయిన ఏడాది నువ్వు పడవలోంచి పడ్డప్పటి నుంచి నా గుండె కుదురుగా లేదు. ఎలాగూ ఒడ్డున క్షేమంగా కూర్చున్నావు కదా అని నోరు మూసుకున్నాను. పాపిష్టిదాన్ని.

ఆ పిట్టల వెనకే దక్షిణపు గాలి లేస్తుందని, మధ్యాహ్నం దాటితే సరస్సు నడుమ పడవ నిలవదని నాకు చిన్నప్పుడు నేర్పింది నువ్వే. నిన్నటి నుంచి ఇక్కడ కూడా ఆ గాలే కొడుతోంది. మురుగేష్ రేపు రొయ్యలకు అవతలి ఒడ్డు దాకా పోతాడట. ఫోన్ చేసి వద్దన్నాను, జరిగిందంతా చెప్పాను. నవ్వాడు.

"నాయనకు కండ్లు కనపడవని నువ్వే గదక్కా అంటివి. ఇప్పుడు కనపడతాయంటే ఎట్ల నమ్మేది?"

నీకివ్వమంటే ఫోన్ పెట్టేశాడు.

రెబెకా పనిమీద ఇక్కడికి వచ్చింది. రేపు తెల్లవారి మొదటి బస్సుకు తిరిగి వస్తోంది. ఆమె చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను, ఫోటో కూడా లోపల పెట్టాను. వాడింకా రేవులోనే ఉంటే గడ దాచెయ్యి. అప్పటికే పోయి ఉంటే ఎవరి పడవైనా అడిగి తీసుకుని నువ్వే పో నాయనా. నీ కళ్లకేమీ కాలేదు.

ఇట్లు,
నీ మాటను అబద్ధం చేసిన కూతురు
మోహన