కన్నడం చీటీ కింద తెలుగు పుస్తకాలు

మంగళవారం, మూలకుళం

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. లైబ్రరీలో తెలుగు పుస్తకాల కోసం గంటసేపు వెతికాను. కేటలాగులో ఉన్నాయి, బీరువాల్లో లేవు. చివరికి కన్నడం అని చీటీ అంటించిన కింది అరలో, మోకాళ్ల మీద కూర్చుంటే కనబడ్డాయి. సగానికి సగం తలకిందులుగా ఉన్నాయి. నాకు కావలసిన నవల మొదటి భాగం అక్కడ, రెండో భాగం మలయాళం పుస్తకాల మధ్య!

కౌంటరులో కూర్చున్నామెను తమిళంలో గట్టిగానే నిలదీశాను. ఆమె తెలుగులో జవాబు చెప్పింది.

"మేమూ తెలుగోళ్లమే అక్కా. మాట్లాడేదే వచ్చు, ఎళుత్తు తెలీదు, చదివేది రాదు. ఏది పైనో ఏది కిందో ఎట్ల తెలిసేది? అయినా వచ్చే వారం ఇవన్నీ గోడౌనుకి పోతాయి. ఎవరూ తీసుకోలేదని ఆఫీసరు రాసేసినాడు."

"ఏందీ? యాడుండాయో తెలిస్తే కదా తీసుకునేది!" అని అరిచాను. పేపరు చదువుతున్నవాళ్లు తలెత్తి చూశారు. చూడనీ.

నేలమీదే కూర్చుని అన్నీ సరిగ్గా సర్దాను. నా కార్డు మీద మూడే ఇస్తారు, మూడూ తీసుకున్నాను. వాటికి ముద్ర వేశాక ఆమె ఆ అరలోంచి ఇంకొకటి తెచ్చి తన పక్కన పెట్టుకుంది.

"ఇది నా పేరున రాసుకుంటా. నువ్వొచ్చి చదివి చెప్పు అక్కా."

చదవడం రాని మనిషి పుస్తకం తీసుకుంది. ఆ ఆఫీసరు ఒక్కసారైనా ఆ అర ముందు వంగి చూశాడా?