పొడపత్రి నమిలిన నోరు

జులై 3
ఖమ్మంలో రిపోర్టు ఇచ్చారు. పెళ్లయి ఆరేళ్లు. లోపం జెబాలో లేదు, నాలోనే. వీర్యకణాల కౌంట్ తక్కువ, ఉన్నవాటికీ కదలిక లేదు. షుగర్ చాలాకాలం అదుపు తప్పితే అక్కడా దెబ్బ కొడుతుందట. డాక్టర్ మాత్ర మార్చాడు. రోజూ నడవమన్నాడు, మూడు నెలలకు మళ్లీ టెస్ట్ అన్నాడు. అప్పటికీ ఇంతే అయితే మామూలుగా పిల్లలు కలగడం కష్టమేనట. భద్రాచలం వచ్చేదాకా బస్సులో జెబా నా చెయ్యి వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. కాలిన మోటార్లు విప్పి, తీగ చుట్టి మళ్లీ తిప్పడం నా పని. నన్ను నేను విప్పి చూసుకునే వీల్లేదు.

జులై 11
దుమ్ముగూడెం అవతల ముత్తక్క చేలో మోటార్ బిగించాను. నేను మాత్ర మింగడం చూసి ముసలమ్మ కూపీ లాగింది. సిగ్గు విడిచి అన్నీ చెప్పేశాను. పొదలోంచి ఒక తీగ ఆకులు తెంపి ఇచ్చి, పొద్దుగాల రెండు నములు బిడ్డా అంది. ఏంది ఇది అంటే పొడపత్రి అంది. ఎవ్వలికీ చెప్పకు, పేరు బయటపెడితే మందు పనిచెయ్యది అంది.

జులై 12, ఉదయం 6
నమిలాను. ఊరికే ఉండలేక బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను. మట్టి! చక్కెర వేసుకున్నాను. ఇసుక! నాలుక మీద తీపికి మాత్రమే కరెంటు పోయినట్టుంది. కాసేపటికి మళ్లీ వచ్చింది. భలే తమాషా! జెబాకు చెప్పాలని నోరు దురద పెట్టింది. చెప్పలేదు.

జులై 30
రెండాకులు మంచివైతే నాలుగు ఇంకా మంచివి కదా.

ఆగస్టు 9
చచ్చి బతికాను. ఆకులు నమిలి, మాత్ర వేసుకుని, టిఫిన్ మానేసి పనిలో కూర్చున్నాను. చెమటలు, చేతుల వణుకు. షుగర్ పడిపోయిందని జెబా నోట్లో చక్కెర పోసింది. ఇసుక పోస్తవేందే అని ఊసేశానట. పాపం, తను రుచి చూసుకుంది. తీపే. మళ్లీ పోసింది, మళ్లీ ఊశాను. చివరికి తిట్టి, బతిమాలి చక్కెర నీళ్లు తాగించింది.
తేరుకున్నాక, ఏం తిన్నవో చెప్తవా, మా అమ్మింటికి పోవాల్నా అని ఏడ్చింది. చెప్పేశాను. పేరుతో సహా.

ఆగస్టు 11
డాక్టర్ దగ్గర బాగా చీవాట్లు పడ్డాయి. ఆకు కూడా షుగర్ తగ్గిస్తుందట, మాత్రతో కలిస్తే ప్రమాదమట. మానెయ్యమన్నాడు. మరి కౌంట్ సంగతి? ఇలాంటి ఆకుల రసాలు షుగర్ ఉన్న మగ ఎలుకలకు ఇచ్చి చూశారట, కొన్నిటికి మేలైందట. మనుషుల సంగతి ఇంకా తేలలేదట. ఆ ఎలుకలు బెల్లం తిని చూశాయా అని అడగబోయాను. జెబా కాలు తొక్కింది.

ఆగస్టు 20
పేరు చెప్పేశాను కదా, తిన్నది కూడా దండగేనా? మనసాగక ముత్తక్క దగ్గరికి వెళ్లాను. డాక్టర్‌కు చెప్పొద్దన్ననా అని మండిపడింది. బజార్ల తెలిస్తే అమ్ముకునేటోళ్లొచ్చి తీగను ఏర్లతోని పీకేస్తరట, అందుకే ఆ మాటట. రెండు తినమంటే నాలుగెందుకు తిన్నవ్ అని ఇంకో తిట్టు. ఆమె కోపం చూస్తే నాకెందుకో ధైర్యం వచ్చింది.

అక్టోబర్ 6
రెండో రిపోర్టు. కౌంట్ పెరిగింది. కదలిక బాగుంది! మాత్రా? నడకా? కొన్నాళ్లు తిన్న ఆకా? డాక్టర్ మాత్రం షుగర్ అదుపులోకి వచ్చింది, అది చాలు అన్నాడు. నాకు చాలలేదు. విప్పి చూడాలని ఉంది.

నవంబర్ 23, ఉదయం 7
చాయ్ నేనే పెట్టాను. జెబా ఒక్క గుక్క తాగి ఉమ్మేసింది. మట్టి లెక్క ఉన్నదట. తన గ్లాసులో ముందే రెండు చెంచాల చక్కెర వేశాను. ఆకు ఇవ్వలేదు.
నెల తప్పిందట.