అరవై నాలుగు దాటాక

జహీరాబాద్,
మార్చి 17, 2025.

పాలిటెక్నిక్‌లో మూడేళ్లు నా పక్కనే కూర్చున్న అలేఖ్యకు,

నువ్వు నా నంబరు బ్లాక్ చేశావు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. రాజమండ్రిలో మీ అమ్మగారి చిరునామా నా దగ్గర ఇంకా ఉంది. స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. సంతకం పెట్టి తీసుకోవాలి కనుక అందలేదని అనడానికి ఉండదు.

పోయిన మంగళవారం మధ్యాహ్నం కోహీర్ రోడ్డులోని కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా లీకైంది. మనిద్దరం కలిసి సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన మొదటి చోటు అదే. గుర్తుంది కదా. ఆరో గది వెనక గోడ దగ్గర వాల్వు నుంచి గ్యాస్ వస్తుంటే, అక్కడ ఆలుగడ్డలు ఏరుతున్న నారమ్మత్త కళ్లలోకి కొట్టింది. ఝరాసంగంలో మా ఇంటి వెనక వీధి ఆమెది. రోజూ పొద్దున ఇద్దరం ఒకే ఆటోలో ఊరి నుంచి వస్తాం, నేను ఆఫీసు దగ్గర దిగితే ఆమె ముందుకు పోతుంది. ఇప్పుడు దవాఖానలో ఉంది. కుడి కన్ను బాగవుతుందన్నారు. ఎడమ కన్ను సంగతి డాక్టరు చెప్పడం లేదు.

నేను చూడబోతే ఏమన్నదో తెలుసా? "వాసనొచ్చింది బిడ్డా. బయటికి పోదామనుకున్న. గంట కొట్టలే గదా, ఏం గాదు తీయ్ అని మల్ల కూసున్న." నాకు ఆ మంచం పక్కన నిలబడబుద్ధి కాలేదు. ఆమె ముక్కును కాదని మన సైరన్‌ను నమ్మింది. ఆ సైరన్ మోగలేదు.

ఎందుకు మోగలేదో మొన్న సాయంత్రం దాకా నాకు తెలియదు. కోల్డ్ స్టోరేజీ యజమాని మాత్రం అరగంటలోనే తేల్చేశాడు. మెషిన్ రూమ్‌లో పనిచేసే సాల్మన్ సైరన్ బందు పెట్టాడన్నాడు. అక్కడికక్కడే పనిలోంచి తీసేశారు, పోలీసు కేసు పెట్టారు. సాల్మన్ రోజూ పొద్దున స్టేషనుకు పోయి బెంచీ మీద కూర్చుంటున్నాడు. నన్ను చూసి లేచి వచ్చాడు. "మేడం, నేను బందు చెయ్యలే. అది మోగనే లేదు. మోగనిదాన్ని ఎట్ల బందు చేస్తరు? మీరన్నా చెప్పున్రి," అన్నాడు. నేను ఏం చెప్పను? మన కంపెనీ నడిపే విష్ణువర్ధన్ సార్ అప్పటికే సాఫ్ట్‌వేర్‌లో ఏ లోపమూ లేదని కంపెనీ కాగితం మీద రాసి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు ఇచ్చేశారు. నన్ను ఒక్క మాట అడగలేదు.

అందుకని నేనే కూర్చుని చూశాను. ఆ గదుల్లో ఇప్పుడు డెబ్బై రెండు సెన్సర్లు ఉన్నాయి, గదికి పన్నెండు. ఒక్కోటి ఒక్కో లైను మీద మన ప్రోగ్రాంతో మాట్లాడుతుంది. ఇన్నింటి మాటా ఒకేసారి వింటూ కూర్చోవడమే మనం వాడిన ఈవెంట్ లూప్ లైబ్రరీ పని. ఏ సిస్టమ్ మీద ఎలా వినాలో దానికి ముందే చెప్పిపెట్టాలి. లినక్స్ మీద ఒక పద్ధతి, మ్యాక్ మీద ఇంకొకటి, విండోస్ మీద మరొకటి. మొదట మనం పెట్టిన చిన్న లినక్స్ డబ్బా పిడుగుపాటుకు పోయాక, ఆఫీసులోని విండోస్ కంప్యూటర్‌లోనే నడపమని యజమాని పట్టుబట్టాడు. అప్పుడు విండోస్ కోసం ఆ కాన్ఫిగ్ ఫైలు రాసింది నువ్వు. ఫైలు తలమీద నీ పేరుంది.

ఆ ఫైల్లో ఉండాల్సిన ఒక లైను లేదు. విండోస్ మీద ఆ పద్ధతి, మనం వేరే చెప్పకపోతే, అరవై నాలుగు సెన్సర్లనే వింటుంది. అరవై ఐదోది ఎంత అరిచినా దానికి లేనట్టే. తప్పు అని కూడా చెప్పదు. ఎక్కువ కావాలంటే ముందే ఆ సంఖ్య రాయాలని లైబ్రరీ వాడకం పుస్తకంలో పెద్దక్షరాల్లో ఉంది. ఐదు గదులున్నంత కాలం అరవై సెన్సర్లే కనుక బయటపడలేదు. ఈ జనవరిలో ఆరో గది కట్టారు. వెనక గోడ మీది ఎనిమిది సెన్సర్లు రెండు నెలలుగా గోడకు మేకులు కొట్టినట్టు ఊరికే ఉన్నాయి.

ఒక్క లైను, అలేఖ్యా. నీకు ఓపిక లేక వదిలేశావా, తెలియక వదిలేశావా? తెలియక అంటే నేను నమ్మను. క్లాసులో అందరికీ ఇవి చెప్పింది నువ్వే. కంపెనీ వదిలిపోయే తొందరలో రాసి పారేసి ఉంటావు. రెండేళ్ల కింద ఎందుకు పోతున్నావో నాకు ఒక్క మాట చెప్పకుండా కుర్చీ ఖాళీ చేసి పోయినదానివి, పోయేముందు ఏం సరిగ్గా చేసి ఉంటావు?

నువ్వు వచ్చి ఇన్‌స్పెక్టరు ముందు ఆ ఫైలు నాదే అని చెప్పాలి. రాకపోతే నీ పేరు నేనే చెబుతాను. సార్ నన్ను పిలిచి, "మన కాగితం మనం ఇచ్చినం. ఇగ నువ్వు జర నోరు మూసుకొని కూసో," అన్నారు. నేను కూర్చోను. సాల్మన్‌కు ఇద్దరు ఆడపిల్లలు. బడిలో వాళ్లను ఏమంటున్నారో అతను నాకు చెప్పలేదు, నేనే విన్నాను.

పది రోజులు చూస్తాను.

మానస

*

రాజమండ్రి,
మార్చి 22, 2025.

మానసకు,

నీ ఉత్తరం అందింది. సంతకం పెట్టే తీసుకున్నాను. రెండుసార్లు చదివి, మూడోసారి చదవలేక అమ్మకిచ్చాను. అమ్మ నారమ్మగారి గురించి అడిగింది. మనం పాలిటెక్నిక్‌లో ఉన్నప్పుడు మీ ఇంటికొస్తే జొన్నరొట్టెలు కాల్చిపెట్టిన ఆవిడేనా అని. ఆవిడే అన్నాను. ఆ తర్వాత ఇద్దరం అన్నం తినలేదు.

ఇప్పుడు నువ్వడిగిన లైను సంగతి. అది నేను రాశాను. రెండు వందల యాభై ఆరు అని రాసి, ఇది తీయకూడదు అని పక్కన కూడా రాశాను. నీకు గుర్తు లేనట్టుంది. నేను కంపెనీ వదిలే వారంలో లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చింది. దాన్ని నువ్వే ఎక్కించావు. ఈ లైను దగ్గర ఏదో హెచ్చరిక వస్తోందనీ, కొత్తదాంట్లో వాళ్లే పెట్టుకుని ఉంటారు, తీసేస్తున్నాననీ నాకు మెసేజ్ పెట్టావు. ఆ మెసేజ్ ప్రింటు తీసి ఇందులో పెట్టాను. తేదీ చూసుకో. పాత మార్పులన్నీ మీ సర్వర్‌లో ఉంటాయి. నువ్వు వాటిని చూడకుండానే ఫైలు తలమీది పేరు చూసి నాకు ఉత్తరం రాశావు.

ఇది చదివి నువ్వెలా అయిపోతావో నాకు తెలుసు. కానీ ఆ ప్రింటులో కింద ఇంకో లైనుంది. అదీ చదువు. "సరే" అని ఉంది. అది నా జవాబు. సామాన్లు సర్దుకుంటూ, నువ్వేం తీసేస్తున్నావో చూడకుండా సరే అన్నాను. తీయొద్దు అనడానికి ఒక్క నిమిషం పట్టేది. నీ మీద ఎంత మండిపోయి ఉన్నానంటే నీ మెసేజ్ పూర్తిగా చదవడం కూడా ఇష్టం లేకపోయింది.

ఎందుకు మండిపోయానో నువ్వు ఇన్నాళ్లూ అడగలేదు కనుక చెబుతున్నాను. నేను మానేస్తున్నానని చెప్పిన రోజు సార్ అందరి ముందూ, "ఆంధ్రోళ్లు గింతే, ఎప్పటికైనా పోయేటోళ్లే," అన్నారు. నాకాయన మాట లెక్కలోకి రాలేదు. నువ్వు నవ్వావు. అందరికంటే ముందు నువ్వే నవ్వావు. నేను పుట్టింది జహీరాబాద్ దవాఖానలో, మానసా. మా నాన్న అక్కడి ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు చేశారు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉండలేక వాళ్ల పుట్టింటికి వచ్చింది, ఆవిడ కోసం నేనూ వచ్చాను. ఏ ఊరికి పోయేటోళ్లం మేము? ఈ మాట నిన్ను అడగాలని రెండేళ్లుగా ఉంది. అడిగితే ఏడుస్తానని నంబరు బ్లాక్ చేశాను.

నా పేరు చెప్పు. భయం లేదు. నేనే రాసి సంతకం పెట్టిన కాగితం దీనితో పంపుతున్నాను. లైను ఎవరు రాశారో, ఎవరు తీశారో, ఎవరు సరే అన్నారో మూడూ ఉన్నాయి. అక్కడికి పిలిస్తే వస్తాను. నువ్వు ఇన్‌స్పెక్టరు దగ్గరికి తీసుకెళ్లకపోతే నేనే పోస్టు చేస్తాను. పది రోజులు నేను చూడను. సాల్మన్ గారు ఇంకొక్క రోజు కూడా ఆ బెంచీ మీద కూర్చోకూడదు.

అలేఖ్య

*

జహీరాబాద్,
ఏప్రిల్ 12, 2025.

అలేఖ్యకు,

నీ ఉత్తరం ఆఫీసులో తెరిచాను. ప్రింటులో నా మెసేజ్ చూడగానే నాకు మొదట వచ్చింది కోపమే. నువ్వు దీన్ని రెండేళ్లు దాచిపెట్టుకున్నావని. ఆ కోపం ఎంత పనికిమాలినదో తెలియడానికి సాయంత్రం దాకా పట్టింది. తీసేస్తున్నాను అని రాసిన ఆ మాటలు నావే. పది ఉత్తుత్తి సెన్సర్లతో నా లినక్స్ మీద నడిపి చూసుకుని, నడిచింది కదా అనుకున్నాను. జనవరిలో ఆరో గది వచ్చినప్పుడు సెన్సర్ల సంఖ్య అరవై నుంచి డెబ్బై రెండుకు మార్చిందీ నేనే. మార్చేసి టీ తాగడానికి పోయాను. అక్కడికి వెళ్లి ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది.

మర్నాడే సంగారెడ్డి బస్సెక్కాను. ఇన్‌స్పెక్టరు నీ కాగితం, నా కాగితం పక్కపక్కన పెట్టుకుని చదివి, "అయితే తప్పు మీదేనా?" అన్నాడు. మాదే అన్నాను. "మరి మీ సార్ లేదని రాసిచ్చిండు గదా," అన్నాడు. ఆయన నన్ను అడక్కుండా రాసిచ్చారన్నాను. తిరిగొచ్చేసరికి నా ఉద్యోగం లేదు. సార్ గేటు దగ్గరే నిలబడి, "నీ ఒక్కదాని నీతికి పదిమంది కడుపు కొట్టినవ్," అన్నారు. సాల్మన్ కడుపు మాటేమిటని అడిగాను. లోపలికి పోయి తలుపేసుకున్నారు.

సాల్మన్ మీద కేసు తీసేశారు. ఆ మాట చెబుదామని వాళ్లింటికి పోయాను. అతను నన్ను లోపలికి పిలవలేదు. గడప దగ్గరే నిలబడి విన్నాడు. "ఇప్పుడు చెప్పిన్రు. మంచిదే. పదహారు రోజులు ఆ బెంచీ మీద కూసున్న మేడం. దొంగను చూసినట్టు చూసిన్రు. మీరు ఆ పొద్దే మీ కంప్యూటర్ సరిగ్గ చూసుకుంటే ఆ పదహారు రోజులు నాకు లేకుండె," అన్నాడు. క్షమించమని అడగడానికి పోయినదాన్ని, అడగకుండానే వచ్చేశాను. అతనికి కోపం ఉండాలి. దాన్ని తీసేయమనే హక్కు నాకు లేదనిపించింది.

నారమ్మత్త ఇంటికొచ్చింది. ఎడమ కంటికి వెలుగు, చీకటి మాత్రమే తెలుస్తున్నాయి. ఆమెకు అంతా చెప్పాను, నీ సరే తప్ప. అది నువ్వే వచ్చి చెప్పుకో. కొంగుతో కన్ను ఒత్తుకుంటూ అంతా వింది. చివరికి, "నువ్వు చెప్పకుంటే నాకెట్ల తెలుస్తుండె. చెప్పినవు గనుక ఇప్పుడు నిన్ను చూస్తే కోపమొస్తది. రేపటిసంది ఆటోల ముందల కూసో, నా పక్కన కూసోకు," అంది. కంటికి మందు వేయించుకోవడానికి ఆమె దవాఖానకు పోయే ఆ ఆటోలోనే, ఉద్యోగం లేకపోయినా పని వెతుక్కుంటూ నేనూ రోజూ వస్తున్నాను. ముందే కూర్చుంటున్నాను.

నీ నవ్వు సంగతి. నీ నవ్వు కాదు, నా నవ్వు. సార్ అన్నదానికి నవ్వాను. నాకు దుఃఖం ఎప్పుడూ కోపంగానే బయటికి వస్తుంది. నువ్వు పోతున్నావన్న దుఃఖం ఆ రోజు నవ్వుగా వచ్చింది. ఇది సమాధానం కాదని తెలుసు. నువ్వు ఈ ఊరిదానివే. ఆ మాట ఆ రోజు అనాల్సింది, అనలేదు. అందరి ముందూ నవ్వినదాన్ని కాబట్టి, పోయిన వారం నా సామాను తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు అందరి ముందే చెప్పి వచ్చాను. సార్ వింటున్నారో లేదో చూడలేదు.

ఇప్పుడు అసలు కబురు. సెన్సర్లన్నీ ఒక్కొక్కటే పరీక్షించి చూపిస్తే తప్ప సరుకు పెట్టడానికి వీల్లేదని ఇన్‌స్పెక్టరు రాశాడు. ఆ ప్రోగ్రాం తెలిసినవాళ్లు ఇంకెవరూ లేక కోల్డ్ స్టోరేజీ యజమాని నన్నే పిలిచాడు. సాల్మన్ ఉంటేనే వస్తానన్నాను. అతన్ని పనిలోకి తీసుకున్నారు. ఆ ఉత్తరం తర్వాత నువ్వు మెయిల్లో పంపిన కొత్త కాన్ఫిగ్ ఫైలు పెట్టాను. వినగలిగిన దానికంటే ఒక్క సెన్సరు ఎక్కువైనా ప్రోగ్రాం మొదలే కాకుండా నువ్వు రాసిన భాగం చాలా బాగుంది. నేను దాన్ని కావాలనే నాలుగుసార్లు చెడగొట్టి చూశాను. నాలుగుసార్లూ ఆగిపోయింది.

నిన్న పొద్దున మొదలుపెట్టాం. అమ్మోనియాలో తడిపిన గుడ్డను కర్రకు కట్టుకుని సాల్మన్ ఒక్కో సెన్సరు దగ్గరికీ పోతాడు. నేను ఆఫీసులో కంప్యూటర్ ముందు. గుడ్డ ముక్కుకు పెట్టినట్టు సెన్సరుకు పెట్టగానే సైరన్ మోగాలి. మోగాక నేను ఆపి, సంఖ్య రాసుకుని, ఫోనులో తరువాతిది అనాలి. మధ్యాహ్నానికి అరవై నాలుగు అయ్యాయి. అరవై ఐదు అన్నాక పెన్ను కింద పెట్టి విన్నాను. మోగింది. డెబ్బై రెండు కూడా మోగింది. నేను కుర్చీలోంచి లేచి, కళ్లు తుడుచుకుని, అయిపోయిందన్నాను.

సాల్మన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెమటతో చొక్కా అంటుకుపోయి ఉంది. "అయిపోలే మేడం," అన్నాడు. "ఇప్పుడు జాగలు మారుదాం. నేను ఈడ కూసుంట. మీరు గుడ్డ వట్టుకొని ఆరో గదిలకు పోన్రి."

కర్ర నా చేతికిచ్చాడు. నేను పోయాను. ఆ గది ఎంత పొడుగో నాకు అంతవరకూ తెలియదు, మనం దాన్ని కాగితం మీదే చూశాం. రెండు వైపులా పైకప్పు దాకా ఖాళీ అరలు, ఎముకల్లో దూరే చలి. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా వాసన గొంతులో దిగుతోంది. మొదటి సెన్సరుకు గుడ్డ పెట్టి, మోగేదాకా ఉన్న ఆ రెండు క్షణాలు అక్కడ ఒక్కదాన్నే నిలబడ్డాను. మోగింది. రెండోదీ మోగింది. ఎనిమిది అయ్యేసరికి కళ్లు మండి, నీళ్లు కారి ఏమీ కనిపించక తడుముకుంటూ బయటికి వచ్చేశాను.

సాల్మన్ అద్దం అవతల కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. కాగితం మీద అంకెలు రాసుకుంటున్నాడు. తలెత్తి నన్ను చూశాడు. నవ్వలేదు, పాపం అనలేదు.

"ఇంకా నాలుగున్నయి," అన్నాడు.

ముఖం కడుక్కుని మళ్లీ లోపలికి పోయాను.

నీ
మానస