నా వంతు రాలేదు

ఆళ్లగడ్డ, 11 మార్చి 1956

ఈరోజు అన్నా నేనూ మా సైకిల్ షాపును రెండుగా పంచుకున్నాం. గోడ లేచేదాకా మధ్యలో అడ్డం ఉండాలని, మేమిద్దరం వెదురుతో, గుడ్డతో కట్టిన విమానం రెక్కను అన్నే తెప్పించి నిలబెట్టించాడు.

మొదటిసారి ఇంజను విమానం ఎగరేసిన అమెరికా అన్నదమ్ములదీ సైకిల్ షాపే. ముందు ఎవరెక్కాలో నాణెం ఎగరేసి తేల్చుకున్నారట. వాళ్లలో అన్న గెలిచి ఎక్కాడు, విమానం కూలింది. బాగుచేశాక తమ్ముడు ఎగిరాడు. నంద్యాల లైబ్రరీలో అది చదివి మేమూ నాణెం వేశాం. మా అన్నే గెలిచాడు. ఎక్కాడు, పడ్డాడు, కాలు విరగ్గొట్టుకున్నాడు.

"బాగుచేస్తే ఎగురుతాదన్నా. ఈసారి నేనెక్కుతా" అన్నాను ఈరోజు మళ్లీ.

"ఇరిగింది నా కాలు. నువ్వు కింద నిలబడి చూస్తాంటివి. ఇంగ చాల్రా" అన్నాడు.

నా వంతు సంగతేమిటని నిలదీయబోయాను. అప్పటికే అన్న కర్ర పట్టుకుని లేవలేక అవస్థ పడుతున్నాడు. చేయి అందిస్తే తోసేశాడు.

ఆ అమెరికా తమ్ముడు ఎగిరిన రోజు రెక్క పట్టుకుని పక్కన పరుగెత్తింది వాళ్లన్నేనట. గుడ్డ మార్చుకోగలను, వెదురు తెచ్చుకోగలను. నా పక్కన పరుగెత్తేదెవరు...