ఎవరూ తెరవని ఆవిరి వాల్వు

ఆదోని

అక్కకు,

లలిత నమస్కారాలు. నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నానమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ముందే చెబుతున్నాను, బాగానే ఉన్నాను. ఫోనులో అయితే అమ్మ పక్కనుంచి వింటుందని నీ అంగన్‌వాడీ అడ్రసుకు రాస్తున్నాను.

ఇక్కడ ఎండ మన విజయనగరం ఎండలా కాదు, చెమట పట్టకముందే ఆరిపోతుంది. జొన్నరొట్టె అలవాటైంది. పత్తిగింజల నూనె మిల్లులో మీటర్లు, వాల్వులు, వాటి తీగలు చూసుకోవడం నా పని. ఆదివారాలే గడవవు.

పోయిన వారం మిల్లులో జరిగింది నీకు చెప్పాలి. గింజలు ఉడికించే పాత్రలో వేడి కొన్నాళ్లుగా ఊరికే ఎక్కుతూ దిగుతూ ఉంది. సెన్సారు మార్చాను, లాభం లేదు. ఆరోజు మిషను ఆపి, అడుగంటిన పిండి గోకడానికి మా మిల్లు పనివాడు యేసేపన్న లోపలికి కాలు పెట్టాడు. ఆవిరి వాల్వు మూసి ఉన్నట్టు ప్యానెల్ తెర మీద సున్నా కనిపిస్తోంది. ఉన్నట్టుండి బుస్సుమని ఆవిరి! ఆయన ఇవతలికి దూకాడు కానీ పాదం కాలిపోయింది.

"ఒరే నాగేంద్రా, సంపితివి కదరా!" అని అరిచాడు. మిషన్లు నడిపే ప్యానెల్ దగ్గరున్నది నాగేంద్ర ఒక్కడే.

"నేను వాల్వు ముట్టలేదన్నా, నా బిడ్డల మీద ఒట్టు!"

"మనిషి తెరవకుంటే దానంతట అదే తెరుసుకుంటాదా?" అన్నాడు మిల్లు యజమాని సావుకారి. "రేపట్నుంచి రావద్దు, పో."

నేను తెర వైపు చూశాను. ఇంకా సున్నాయే. వాల్వు మీది ఇనుప కడ్డీ మాత్రం పైకీ కిందికీ కొట్టుకుంటోంది. పరుగెత్తి చేత్తో తిప్పే వాల్వు మూసేశాను.

మర్నాడు సావుకారిని బతిమాలి మిల్లు ఆపించాను. వాల్వు దగ్గర తీగకు మీటరు పెట్టాను. అంకె నిలకడగా ఉంది. ఒక్కొక్క మోటారే వేయించుకుంటూ వచ్చాను. షెడ్డులో వేడిగాలి లాగే పెద్ద ఫ్యాను వేయగానే అంకె ఎగిరి పడింది. ఆపితే నిలిచింది. మళ్లీ వేస్తే మళ్లీ ఎగిరింది. తీగలు పోయే రేకు మూత విప్పి చూస్తే, వాల్వుకు ఆజ్ఞ మోసే సన్న తీగను ఫ్యాను కరెంటు తీగతో కలిపి షెడ్డు పొడవునా కట్టేశారు. సన్న తీగ చుట్టూ ఉన్న రక్షణ జాలీకి ఎర్తే ఇవ్వలేదు. ఫ్యాను తీగలోని అలజడి దీంట్లోకి దూరితే, వాల్వు దాన్నే ఆజ్ఞ అనుకుంటోంది. తెర మీద సున్నా ప్యానెల్ పంపిన ఆజ్ఞే తప్ప, వాల్వుకు అందింది కాదు. సన్న తీగను వేరే ఇనుప గొట్టంలోకి మార్చి, జాలీకి ప్యానెల్ వైపు ఎర్తు ఇచ్చాను. ఫ్యాను వేస్తే అంకె కదల్లేదు. అందరికీ చూపించాను. సావుకారి తనే ఫ్యాను మళ్లీ వేసి చూసుకున్నాడు. తర్వాత, "నాగేంద్రను పిలుసుకోని రాపోండి" అన్నాడు. ఇప్పుడు చేతి వాల్వుకు తాళం వేయకుండా ఎవరూ లోపలికి దిగడం లేదు.

ఆదివారం నాగేంద్రను వెంటబెట్టుకుని ఎమ్మిగనూరులో యేసేపన్న ఇంటికి వెళ్లాను. అతను వాకిట్లోనే ఆగిపోయాడు. నేను లోపలికెళ్లి జరిగిందంతా చెప్పాను. యేసేపన్న కట్టు కట్టిన కాలు చూసుకుంటూ, "అందరి ముందర వాన్ని అంత మాటంటినే పాపా" అన్నాడు.

ఆయన భార్య సువార్తమ్మ బయటికి తొంగిచూసి, "ఆడనే నిలబడితివేందప్పా? లోపలికి రా, రొట్టె తిందువు" అని పిలిచింది.

నాగేంద్ర వచ్చి మంచం పక్కన కూలబడ్డాడు. "వాల్వు ముట్టలేదు గానీ, ఫ్యాను ఏసింది నేనే కదన్నా" అని ఏడ్చాడు.

యేసేపన్న అతని తల మీద చెయ్యి వేశాడు. "ఉక్కపోస్తాంది, ఏయరా అని అరిచింది నేను కాదేమిరా?"

అక్కా, సువార్తమ్మ రొట్టెలు తెచ్చి ఇద్దరి ముందూ ఒకే పళ్లెంలో పెట్టింది.

వీలైతే కాస్త మామిడితాండ్ర పంపు, నాగేంద్ర పిల్లలకు ఇస్తాను. బావకు నమస్కారాలు, నానమ్మ పాదాలకు దండాలు, పిల్లలకు ముద్దులు. మీ అందరి దీవెనా నా మీద ఉండాలి. నేను బాగానే ఉన్నాను.

నీ చెల్లెలు
లలిత