కాస్త ఆలస్యంగా పంపు

చిరంజీవి తమ్ముడికి,

పెద్దాసుపత్రి ఆడవాళ్ళ వార్డు, పదకొండో మంచం నుంచి అక్క దీవెనలు.

నొప్పి అలాగే ఉంది. పక్క మంచం ఆవిడ నిన్న పోయింది. సాయంత్రానికల్లా దుప్పటి మార్చి ఇంకొకావిడని పడుకోబెట్టారు. ఇక్కడ రోజు గడవడానికి నేనొక కిటుకు కనిపెట్టాను. ముందు ఏదో ఒకటి పెట్టుకుని దానికోసం ఎదురుచూడటం. శనివారం ఆయా వేన్నీళ్ళతో తలస్నానం చేయిస్తుంది. గురువారం నుంచే తల దురద పెడుతుంది, అదీ హాయిగానే ఉంటుంది. డిటెక్టివ్ నవల రోజుకి పది పేజీలు చదువుతున్నాను. మొదటి భాగం అయిపోవచ్చింది, రెండోది పంపు.

నీ అక్క

తా.క. హంతకుడెవరో తేలడానికి ఇంకా ఇరవై ఆరు రోజులు పడుతుంది. డాక్టరుగారికి కూడా ఆ సంగతి చెప్పి ఉంచాను.

అక్కకి నమస్కారాలు.

నువ్వు ఎదురుచూస్తున్నావని చదవగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళుగా పార్సిల్ ఆఫీసులో ఉన్నాను, నా బల్లమీద ఏ మూటా ఒక్క పూటైనా నిలవలేదు. అలాంటిది సొంత అక్క ఎదురుచూడటమా? హెడ్ నర్సుకి ఫోన్ చేసి రోజూ తలస్నానం ఏర్పాటు చేశాను. నవల రెండో భాగం దీంతోపాటే వస్తోంది.

నీ తమ్ముడు

తా.క. ఇరవై ఆరు రోజులు నీకెందుకీ యాతన? చివరి పేజీ నేనే చూసిపెట్టాను. చంపింది వంటమనిషి.

ఒరేయ్ తొందరోడా,

నీ నోరు పడిపోను! ఆ వంటమనిషి కాఫీ పట్టుకొచ్చినప్పుడల్లా పుస్తకం విసిరికొట్టాలనిపిస్తోంది. రోజూ తల తడిపి జలుబు కూడా చేసింది.

నాకు కావాల్సింది దొరకడం కాదురా, దొరకబోతోందని తెలిసి ఉండటం. నొప్పి ఇవాళ్టిది. దాన్ని చూడకుండా ఉండాలంటే రేపటివైపు మొహం తిప్పుకోవాలి. ఒక్క సాయం చెయ్యి. మొగ్గ తొడిగిన గులాబీ మొక్క ఒకటి పంపు. మొగ్గ విచ్చుకుని ఉండకూడదు.

నీ మీద కోపంగా ఉన్న అక్క

తా.క. శనివారంలోపు నా తలమీద ఎవరు నీళ్ళు పోసినా కరుస్తానని చెప్పాను. ఆయా నమ్మింది.

అక్కకి,

మొక్కల దుకాణంలో అడిగితే మొగ్గ విచ్చుకోవడానికి పన్నెండు రోజులన్నారు. అంతదాకా నువ్వు కళ్ళు కాయలు కాచేలా చూడటం నాకు ఇష్టం లేదు. బాగా విచ్చుకున్న పూలు నలభై, గుండ్రంగా చక్రంలా కట్టించి పంపుతున్నాను.

నీ మేలు కోరే తమ్ముడు

తా.క. సెలవు పెట్టేశాను. వచ్చే ఆదివారం నేనే వస్తున్నాను.

తమ్ముడికి,

పూలచక్రం వచ్చినప్పుడు నేను స్నానాలగదిలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి దాన్ని నా మంచంమీద పెట్టి వార్డంతా దండాలు పెడుతున్నారు. పన్నెండో మంచం ఆవిడ నా దిండు తీసేసుకుంది.

నవ్వింది చాలు, విను. ఆదివారం రాకు. నాకు మిగిలిన పెద్ద ఎదురుచూపు నీ రాక ఒక్కటే. అదీ అయిపోతే సోమవారం నేను దేనికోసం లేవాలి? ఇరవయ్యో తారీఖు దాటడం కష్టమని డాక్టరు చెప్పాడు. నీకు చెప్పకూడదనుకున్నాను. భయంగా ఉందిరా.

అక్క

తా.క. దిండు లాక్కున్నాను. ఆవిడ బాగా నొచ్చుకుంది.

అక్కా,

నీ ఉత్తరం చదివి ఆఫీసులో అందరిముందూ ఏడ్చాను. నాకు ముందే చెప్పనందుకు నీమీద కోపం కూడా వచ్చింది.

సరే, ఆదివారం రాను. ముప్పయ్యో తారీఖు సాయంత్రం నాలుగింటికి వస్తాను. బతిమాలినా ఒక్క నిమిషం ముందు రాను. ఇరవయ్యో తారీఖు సంగతి నువ్వూ డాక్టరూ తేల్చుకోండి. నేనొచ్చేసరికి నువ్వు మంచంమీద లేకపోతే మాత్రం ఊరుకునేది లేదు.

తమ్ముడు

తా.క. ఇది చెప్పకూడదని నోరు కట్టేసుకున్నాను, కానీ నా సంగతి నీకు తెలుసుగా. నీ ఉత్తరం అందిన రాత్రే బండెక్కాను. మీ ఆసుపత్రికి ఎదురుగా ఉన్న లాడ్జీలో దిగి నాలుగు రోజులైంది. రోజూ గేటుదాకా వచ్చి, నిలబడి, వెనక్కి వెళ్ళిపోతున్నాను. ముప్పైదాకా లోపలికి రాను. నువ్వూ ఆగవే అక్కా, నేను ఆగుతున్నాను కదా.